అత్త కుడిపక్క చోటు

ఏడవాల్సిన చోట నవ్వాను. అదీ పదిమంది మధ్య.

కాలువ సర్వే కోసం అడవి అంచున గుడారాలు వేసుకుని ఉంటున్నాం. పని ముగిశాక వంట గుడారం ముందు రేడియో పెట్టుకుని కూర్చోవడం మా అందరికీ అలవాటు. ఆ సాయంత్రం మాట తప్పని రాజు నాటకం వస్తోంది. రాజ్యం పోయింది, భార్యాబిడ్డలను అమ్ముకున్నాడు, చివరికి తానూ అమ్ముడుపోయి కాటికి కాపలా ఉన్నాడు. పాము కరిచిన కొడుకును చేతుల మీద మోసుకుని రాణి అక్కడికే వచ్చింది. సుంకం కడితేగాని చితి పేర్చనివ్వనని రాజు అడ్డం నిలబడ్డాడు. కట్టుకున్న చీర తప్ప తన దగ్గర ఏమీ లేదని రాణి రాగం తీసి ఏడుస్తోంది. మా వంటమనిషి గరిటె చేత పట్టుకునే ముక్కు చీదాడు. నక్షాలు గీసే పెద్దాయన అటు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నాడు.

సరిగ్గా అక్కడ నాకు నవ్వొచ్చింది. దగ్గుగా మార్చాలని చూశాను, కుదరలేదు. నాతోపాటే ఇంకొకడు నవ్వాడు. కొత్తగా చేరిన చైన్‌మన్, కొలత గొలుసుకు నూనె రాస్తూ దూరంగా కూర్చున్నవాడు, తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

పెద్దాయన చూసిన చూపుకు నాకు సిగ్గు వేయాలి. వేయలేదు. నా కళ్లు చైన్‌మన్ మీదే ఉన్నాయి. కడుపులో పాత మంట ఒకటి రాజుకుంది. ఆ చోట నవ్వడం ఎవరికి పడితే వారికి రాదు. అది మా అరుగు మీద పుట్టిన నవ్వు. వీడికెక్కడిది?

మెట్‌పల్లి అంగడికి నడిచి పోయి పొద్దుగూకకముందే తిరిగి రాగలిగినంత దూరంలో ఉండేది మా ఊరు. మా వాడలో మగవాళ్ల పనులు రకరకాలు. ఆడవాళ్లందరిదీ ఒకటే పని, బీడీలు చుట్టడం. ఎవరింట్లో వాళ్లు చుట్టుకోవచ్చు. కానీ మా అరుగు పొడవైనది, తూర్పు ముఖంగా ఉండడం వల్ల మధ్యాహ్నం నుంచి నీడ పట్టున ఉండేది, పైగా మా అత్త అక్కడ ఉండేది. అన్నాలు తిన్నాక చుట్టుపక్కల ఆడవాళ్లంతా చేటలు చంకన పెట్టుకుని మా అరుగుకే చేరేవాళ్లు.

ఆ అరుగు మీది వస్తువులు ఇప్పటికీ వరుసగా చెప్పగలను. ముందురోజు నానబెట్టి తడి గోనెలో చుట్టిన తునికాకు. ఆకును కొలతకు కత్తిరించడానికి రేకు ముక్క, అరిగిన కత్తెర. ఒళ్లో చేట, చేటలో ఒక మూల తంబాకు. ఎర్ర దారం ఉండ. తడి ఆకుది తొలి వానకు నానిన అడవి వాసన, తంబాకుది గొంతు పట్టే ఘాటు. ఆ రెండూ కలిసి అవ్వ కొంగులోనూ (అమ్మను మేం అవ్వ అనేవాళ్లం), మేం తినే జొన్నగటకలోనూ, నా బడి పుస్తకాల్లోనూ ఉండేవి. నా లెక్కల పుస్తకం తెరవగానే పంతులు తుమ్మేవాడు.

అత్త అంటే బాపు చెల్లెలు, నాకు మేనత్త. పెళ్లయి పోయింది, కొన్నేళ్లకు తిరిగొచ్చింది, మా ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లలు నిలవలేదని అవ్వ ఒకసారి ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆ ఇంటి గురించి అత్త నోట మాత్రం ఒక్క ముక్క వినలేదు. ఆమె నోట వినేదంతా రాజులూ రాణులే.

కథ చెప్పేవాళ్ల చేతులు కథకే కావాలి. రాజు కత్తి దూయాలి, రాణి కొంగు సర్దుకోవాలి. అందుకని కథ నడుస్తున్నంతసేపు అత్త బీడీ ముట్టేది కాదు. పొద్దు వాలి కట్టలు కట్టే వేళకు ఒక్కొక్కరూ తమ చేటలోంచి ఒక కట్ట తీసి అత్త చేటలో పడేసేవాళ్లు. ఎవరూ అడిగేది లేదు, ఎవరూ మానేది లేదు. కథ బాగా పండిన రోజున అత్త చేట పొంగిపొర్లేది. బీడీలు ఏరి చూసుకునే మున్షీ ఆ కట్టలను తిప్పి తిప్పి చూసి, ఒక్క మనిషి చేతిలో ఇన్ని రకాల చుట్టుడా అని గొణుక్కుంటూ తీసుకునేవాడు.

అత్త కుడిపక్కన నా చోటు. దారం తెంపి అందివ్వడం నా పని. అది పైకి. నా అసలు పని వేరే ఉందని నా నమ్మకం.

అత్తకు నాటకాల పిచ్చి. ధర్మపురి జాతరకు నాటక కంపెనీలు దిగేవి. ఒంటరిగా పోవడానికి బాపు ఒప్పుకోడు కాబట్టి నన్ను తోడు తీసుకుపోయేది. గోదావరి గాలికి పెట్రోమాక్స్ దీపాలు బుసబుసమనేవి. పేలాలు, బెల్లం కొంగున కట్టుకుని ఇసుకలో కూర్చునేవాళ్లం. అక్కడ అత్త ఏడ్చినంతగా ఇంకెవరూ ఏడ్చేవాళ్లు కాదు. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు ఆమె వీపు నిమిరి ఓదార్చేవాళ్లు. తిరుగు బండిలో కూర్చున్నాక ముక్కు తుడుచుకుని, "ఇగ జెప్పు అల్లుడా, ముందుగాల ఏమాయె?" అని అడిగేది.

నేను చెప్పేవాడిని. ఏ రంగం తర్వాత ఏ రంగం, ఎవరు ఎటునుంచి వచ్చారు, ఎవరి మీద ఏ రంగు బట్ట, ఏ పద్యానికి ఎవరు పడిపోయారు. పద్యాల్లో మాటలు అత్తకు పట్టుబడేవి కావు, నాకు కొంత పట్టుబడేవి. దూలాలు నేను మోసుకొస్తే ఇల్లు అత్త కడుతుందని నాకు గర్వం. అయితే అత్త కట్టిన ఇంట్లో కాపురం చేసేవాళ్లు నాటకంలోని మనుషులు కారు.

సత్యం తప్పని రాజును ఆమె మా వాడ మొగుళ్లలో ఒకడిని చేసేది. భార్యను అమ్మకానికి నిలబెట్టిన చోట కొనడానికి వచ్చిన ముసలి బాపనయ్య "వంట వచ్చా, వడ్డన వచ్చా" అని అడిగి, ఆ తర్వాత గొంతు తగ్గించి నులక మంచం కిర్రుమంటుందని, దాన్ని చప్పుడు కాకుండా వాడటం వచ్చా అని అడిగేవాడు. మొగుడి ప్రాణం కోసం యముడి వెంట నడిచిన ఇల్లాలి కథలో యముడు వరాలిచ్చింది దయతో కాదు. ఇట్లా ఆడమనిషిని వెంటేసుకుని ఇంటికి పోతే తన పెళ్లాం దున్నపోతు తాడుతోనే తంతుందన్న భయంతో. అత్త ఇదంతా నవ్వుతూ చెప్పేది కాదు. నాటకంలో ఏడుపు పద్యాలకు ఏ రాగం తీశారో అదే రాగం తీసి, కళ్లు నిజంగా తడి చేసుకుని చెప్పేది.

కాటి రంగం కోసం అందరూ కాచుకుని ఉండేవాళ్లు.

"గా రాజు సుంకం గట్టుమన్నడు," అని అత్త ముక్కు ఎగబీల్చేది. "రాణేమో, అయ్యా నా కాడ పైస లేదు, గీ చీర ఒక్కటే ఉన్నది, సగం చింపి ఇస్త అన్నది. అని ఊకున్నదా? ఊకోలే. ఏ సగం గావాల్నో నువ్వే జెప్పు, మీది సగమా, కింది సగమా అన్నది. రాజు పరేషాన్. వేరేటోడైతే ఏదో ఒకటి అబద్ధమాడి తప్పించుకునేటోడు. గీనె సత్తెం పలికెటోడాయె. మనసుల ఏమున్నదో గదే జెప్పాలె."

బీడీలు చుట్టే చేతులు ఆగిపోయేవి. సరిగ్గా అప్పుడే నేను అడ్డం పడేవాడిని. కాటిలో అప్పటికి చీకటి అని, రాజుకు రాణి కనబడదని, మెరుపు మెరిసిన తర్వాతే గుర్తుపడతాడని, అత్త మెరుపును మరిచిపోయిందని చెప్పేవాడిని.

"చూసిన్రా," అనేది అత్త, రాగం తెగకుండానే. "ఏ సగమో సక్కగ చూస్తందుకు గీ పిల్లగాడు దీపం వట్టుకొచ్చిండు."

ఇక అరుగంతా ఒకటే నవ్వు. ఆ నవ్వులు తగ్గేలోపు చచ్చిన కొడుకు ఒక కన్ను తెరిచేవాడు. "అవ్వా, మీ బేరం జల్ది తెంపుండ్రి, నాకు ఆకలైతుంది" అనేవాడు. చచ్చినవాడు మాట్లాడడని నేను అంటే, నువ్వు ఊరుకుంటే వాడు ఇంకొంచెంసేపు చచ్చి ఉండేవాడని అత్త అనేది. మళ్లీ నవ్వు. ఆమె కథల్లో చివరిదాకా చచ్చి ఉన్నవాడు ఒక్కడూ లేడు. యముడు తోలుకుపోయినవాడు, పాము కరిచినవాడు, కత్తికి ఎర అయినవాడు, అందరూ లేచి కూర్చుని అన్నం అడిగేవాళ్లు.

నేను తప్పులు దిద్దుతున్నాను కాబట్టే కథ సరిగా నడుస్తోందని అనుకునేవాడిని. ఆడవాళ్లు నవ్వేది అత్త మాటకు, నా దిద్దుబాటు మధ్యలో అవసరమైన ఆటంకం. లెక్కలో చేతికి మిగిలిన అంకెలాంటిది. అది లేకపోతే మొత్తం తప్పిపోతుంది. కాబట్టి అత్త కుడిపక్క చోటు నేను సంపాదించుకున్నదే.

ఇట్లా సాగుతుండగా ఒక ఏడు మా అన్నకు పెళ్లయింది. వదిన బొగ్గుబాయిల, అంటే గనుల దగ్గరి కాలనీ పిల్ల. నాలుగు దిక్కుల నుంచి వచ్చినవాళ్లు ఉండే చోటు కాబట్టి ఆమెకు నాలుగు రకాల మాటలు, అన్ని రకాల పాటలు వచ్చు. బీడీ చుట్టడం ఒక్కటే రాదు. నేర్పాలి కదా అని అత్త ఆమెను తన కుడిపక్కన కూర్చోబెట్టుకుంది. నేను దారం ఉండతో సహా అరుగు చివర, స్తంభం దగ్గరికి జరిగాను.

వదినలో నాకు కనబడిన తప్పులు చాలా ఉన్నాయి. మాట పూర్తికాకముందే నవ్వేది. ఏ రంగం ముందో ఏది వెనకో తెలియదు. గాజులు గలగలమని అత్త గొంతును ముంచేసేవి. చుట్టిన బీడీ మధ్యలో లావు, చివర సన్నం, మున్షీ వాటిని విరిచి పారేసేవాడు. అన్నిటికంటే పెద్ద తప్పు, రాణి మాటలు అత్త చెప్పబోతుంటే వదిన అందుకుని తానే చెప్పేది. దిద్దడం కాదు, కలపడం. రాణి చీర సగం అనగానే వదిన లేచి నిలబడి, తన కొంగును మీదికీ కిందికీ కొలిచి, "అయ్యా, నా చీర మోకాళ్ల కాడనే చినిగున్నది, సగమంటే నాకే నష్టం" అంది. అత్త ఒక్క క్షణం రాగం ఆపింది. తర్వాత వదినను చూసి, నేను ఎన్నడూ చూడని నవ్వు నవ్వింది. కథ చెబుతూ అత్త నవ్వడం అదే మొదలు. ఎప్పుడూ సిగ్గులేదా అని కసురుకునే మా అవ్వ కూడా చేట కింద పెట్టి కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు నేను మెరుపు సంగతి చెప్పాను. ఎవరికీ వినబడలేదు.

మర్నాడు పొద్దున్నే వదిన ఆకు చుట్టిన తడి గోనెను విప్పి ఎండలో పెట్టాను. మధ్యాహ్నానికి ఆకు పెళపెళ విరిగింది. వదిన బిక్కమొహం వేసింది. అత్త ఆకును చూసింది, గోనెను చూసింది, స్తంభం దగ్గర నన్ను చూసింది. తన ఆకులో సగం తీసి వదిన చేటలో వేసింది. చూసి మిగతావాళ్లూ తలా కొంత వేశారు. ఆనాటి కథలో మాత్రం రాజ్యం పోవడానికి కారణం మునీశ్వరుడు కాదు, రాణిగారి ఆకు మూట విప్పిన మరిది. అందరూ నావైపు తిరిగి నవ్వారు. వదిన కూడా నవ్వింది, కోపం లేకుండా. కోపం ఉంటే బాగుండేదనిపించింది.

నన్ను అరుగు దింపింది కూడా ఆమే. పగబట్టి కాదు. దారం అందుకుంటూ నా మొహంలోకి చూసి, "మర్దికి మీసాలొస్తున్నయి గద అత్తమ్మా" అంది, ముచ్చటగా. ఆడవాళ్లంతా ఒక్కసారి నన్ను చూశారు. నులక మంచం కథ సగంలో ఉంది. ఒకామె మోకాళ్ల మీదికి చీర లాక్కుంది. అవ్వ తల వంచుకుంది. వాకిట్లో చెప్పులు కుట్టించుకుంటున్న బాపు మెల్లగా, ఆడోళ్ల నడుమ నీకేం పని, బీడీ కార్ఖానా వైపు పోయి మగవాళ్లతో కూర్చోరాదా అన్నాడు. నేను అత్తవైపు చూశాను. ఆమె ఒక్క మాట అంటే చాలు. "ఉండనియ్యి అన్నా, వీడు చిన్నోడే" అంటే చాలు.

అత్త దారం ఉండ నా చేతిలోంచి తీసుకుని వదినకు ఇచ్చింది.

కార్ఖానా వెనక తంబాకు బస్తాల మీద కూర్చునే పోరగాళ్లకు నేను కథ చెప్పడం మొదలుపెట్టాను. అత్త మాటలే, అదే వరుస, అదే రాగం. సగం చీర, నులక మంచం, యముడి పెళ్లాం, ఏదీ వదల్లేదు. ఎవరూ నవ్వలేదు. ఒకడు మాత్రం, చీకట్లో రాజుకు రాణి ఎట్లా కనబడిందిరా అని అడిగాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

ఇంట్లో ఉండి కూడా అత్తకు దూరమయ్యాను. గోడ అవతల నవ్వులు వినబడేవి. ఎక్కడ ఎంతసేపు నవ్వారో వింటే ఏ మాట పడిందో చెప్పగలిగేవాడిని. కొత్త చోట్ల నవ్వు పుట్టినప్పుడు మాత్రం అది వదిన మాట అని తెలిసేది. అప్పుడు పచ్చిపులుసు కూడా చేదుగా ఉండేది.

ఆ చలికాలం ఆకు పంచే సేటుకు కొడుకు పుట్టాడు. ఆ సంతోషంలో ధర్మపురిలో ఆడే కంపెనీని పిలిపించి కార్ఖానా వాకిట్లో నాటకం వేయించాడు. ఏ నాటకం ఆడమంటారని కంపెనీవాళ్లు అడిగితే, చివరికి సత్యమే గెలుస్తుంది కాబట్టి మంచిదని మాట తప్పని రాజు నాటకమే ఒప్పుకున్నాడట. మధ్యలో కొడుకు చస్తాడన్నది ఎవరికీ తట్టలేదు.

వాకిలి మధ్య తాడు కట్టి, తాడు మీద దుప్పట్లు వేసి అటు ఆడవాళ్లు, ఇటు మగవాళ్లు కూర్చున్నారు. సేటు ముందు వరసలో కుర్చీలో ఉన్నాడు. అత్త, అవ్వ, వదిన, అరుగు ఆడవాళ్లంతా దుప్పటికి ఆనుకుని కూర్చున్నారు. నేను బాపు పక్కన.

కాటి రంగం దాకా అంతా బాగానే నడిచింది. రాజు వేషం కట్టినాయన గొంతు గొప్పది. చేయి చాచి సుంకం అడిగాడు. రాణి వేషగాడు కొంగు పట్టుకుని, కట్టుకున్న చీర తప్ప ఏమీ లేదన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి కిసుక్కున ఒక నవ్వు. ఎవరిదో నాకు తెలుసు. గాజులు కూడా గలగలమన్నాయి. రాజు గొంతు పెంచాడు. ఆయన పెంచినకొద్దీ దుప్పటి అవతల నవ్వు పెరిగింది. కొంగులు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. రాణి వేషగాడు భయపడి తన చీర సరిగా ఉందో లేదోనని కిందికి చూసుకున్నాడు.

అప్పుడు, ఏం జరుగుతోందో తెలియక, చచ్చి పడుకున్న పిల్లవాడు ఒక కన్ను తెరిచాడు.

ఇక ఎవరి వల్లా కాలేదు. అరుగు మీద కూర్చున్న ప్రతి మనిషీ వాడు అన్నం అడుగుతాడనే చూసింది. మా అవ్వ పక్కావిడ మీద పడిపోయింది. ఏమిటో తెలియకుండానే మగవాళ్లు కూడా నవ్వడం మొదలుపెట్టారు. దుప్పటి ఒకచోట జారింది. ఆ సందులోంచి అత్త కనబడింది. ఆమె నవ్వడం లేదు, వెతుకుతోంది. వరసలన్నీ దాటి ఆమె చూపు నామీద ఆగింది. కనుబొమలు ఎగరేసింది. చూసినవా అల్లుడా, మన పిల్లగాడు లేచిండు అన్నట్టు.

నాకు నవ్వు గొంతు దాకా వచ్చింది. నవ్వి ఉంటే ఆ వాకిట్లో అత్తకూ నాకూ మధ్య తాడు లేనట్టే. కానీ ఆమె కుడిపక్కన వదిన, అత్త భుజం మీద తల ఆనించి, నోరు తెరిచి నవ్వుతోంది. నేను పళ్లు బిగబట్టి మొహం తిప్పుకుని రాజును చూశాను. కథ తెలిసినవాళ్లలో నవ్వనివాడిని నేనొక్కడినే.

మర్నాడు ఆకు రాలేదు. తన కొడుకు పేరు మీద వేయించిన నాటకంలో శవాన్ని చూసి నవ్వారని సేటు మండిపడ్డాడట. ఈ నవ్వు ఎక్కడ మొదలైందో మున్షీకి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. రెండు మూడు ఇళ్లలో పొయ్యి వెలిగే దారి కనబడక ఆడవాళ్లు పోయి బతిమిలాడారు. చివరికి ఆకు ఇస్తామన్నారు, అత్త ఆ అరుగు మీద కూర్చోకూడదన్న షరతు మీద. అత్త తన చేట, కత్తెర, రేకు ముక్క తీసుకుని వెనక కొట్టంలోకి పోయి, బర్రె పక్కన కూర్చుని ఒక్కతే చుట్టుకోసాగింది.

నేను కోరుకున్నది దొరికింది. వదిన అరుగు మీద, అత్త కొట్టంలో. నేను పోయి ఆమె కుడిపక్కన కూర్చున్నాను, దారం ఉండ అందుకున్నాను. మీసాల సంగతి అడిగేవాళ్లు లేరు. మక్కపేలాలు చెరో పిడికెడు తిన్నాం. కాటి రంగం చెప్పమన్నాను.

అత్త చేతిలోని బీడీకి దారం చుట్టి చేటలో వేసింది. తర్వాత, "ఒక్కనికి జెప్తే అది కత గాదు బిడ్డా, చాడీ అయితది" అంది.

ఆ తర్వాత అడిగింది.

"నాటకం కాడ నువ్వెందుకు నవ్వలే?"

జవాబు నా దగ్గర ఉంది. తెంపిన దారాలన్నీ ఒకే పొడుగు ఉన్నాయో లేదో చూస్తున్నట్టు పక్కపక్కన పేర్చాను. ఆమె వాటిని చూసింది, నన్ను చూసింది, మళ్లీ అడగలేదు.

వేసవిలో వదిన వాళ్ల నాన్న సాయంతో అన్నకు బొగ్గుబాయిలో పని దొరికింది. వదినకు నెలలు నిండుతున్నాయి. తోడుగా పెద్దదిక్కు ఒకరు కావాలన్నారు. అవ్వ కదల్లేదు కాబట్టి అత్త పోయింది. పురుడు అయ్యాక వస్తానంది. రాలేదు. ఆ పిల్లను సాకింది, తర్వాతి పిల్లనూ సాకింది, అక్కడే ఉండిపోయింది. బండి ఎక్కుతూ ఆమె నా తల నిమరబోయింది. నేను ఎడ్లకు నీళ్లు పెట్టే నెపంతో పక్కకు తప్పుకున్నాను. వదిన ఒడిలో అత్త చేట ఉంది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ముందు కనబడేది అదే.

తర్వాత నేను చదువుకు పోయాను. కొలతలు, నక్షాలు, మట్టి లెక్కలు నేర్చుకున్నాను. అన్న ఊరికి వచ్చినప్పుడల్లా అత్త రమ్మంటోందని చెప్పేవాడు, నాకు ప్రతిసారీ ఏదో ఒక పరీక్ష ఉండేది. నాటక కంపెనీ ఆడిన వాకిట్లోకి డేరా సినిమా వచ్చింది. మా అరుగును బద్దలుకొట్టి ముందుకు గది దించారు. ఆడవాళ్లు ఇప్పుడు ఎవరింట్లో వాళ్లు తలుపు దగ్గర కూర్చుని చుట్టుకుంటున్నారు. చేతులు మునుపటికంటే వేగంగా ఆడుతున్నాయని బాపు అంటాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక చైన్‌మన్‌ను పిలిచాను. ఎందుకు నవ్వినవని మామూలుగా అడిగినట్టు అడిగాను. తిడతాననుకుని వాడు చేతులు కట్టుకున్నాడు.

"మా కాలనీల ఒక ముసలవ్వ ఉన్నది సార్. నీళ్ల నల్లా కాడ ఆడోళ్లు బిందెలు వరసవెట్టి కూసుంటే నాటకం జెప్తది. చిన్నప్పుడు మా అవ్వ ఎంట పోయి విన్న. నీళ్లు వచ్చినా ఎవ్వలు లేవకపోయేటోళ్లు."

చీర సంగతి చెప్పాడు. వరస తప్పించి చెప్పాడు, మెరుపును మరిచిపోయాడు. దిద్దబోయి నాలుక కరుచుకున్నాను. అయినా వాడు ఎన్నేళ్లు విన్నాడో, ఎంత దగ్గరగా కూర్చుని విన్నాడో అని లోపల మంటగానే ఉంది.

"అన్నిట్లకంటె గా పిల్లగానికే నవ్వొస్తది సార్," అన్నాడు.

"కన్ను తెరిచెటోడా?"

"వాడు గాదు సార్. ఇంకో పిల్లగాడు. కాటి కాడ రాజు పక్కన కూసుంటడు. ఎర్ర దారం ఉండ వట్టుకొని పీనుగు పొడుగు కొలుస్తడు. రాజు పద్యమెత్తుకుంటే, గిది తర్వాతిది, ముందుగాలది పాడు అంటడు. రాణి సగం చీర అంటే, సగమంటే ఎన్ని మూరలు అంటడు. వాడు నోరు తెరిస్తే చాలు, బిందెలు దొర్లుతయి సార్."

ఆ నాటకంలో అలాంటివాడు లేడని అన్నాను.

"రేడియోల లేడు సార్. ముసలవ్వ కాడ ఉంటడు. అందరు నవ్వుతరు గని వాడు నవ్వడు. వాడెన్నడు నవ్వుతడవ్వా అని మేమడుగుతుంటిమి. వాడు నవ్విన రోజు నేను కత బంద్ వెడుత అంటది."

"వాడు ఏ పక్క కూసుంటడు?"

వాడు ఆలోచించుకోలేదు.

"కుడి పక్క సార్. గందుకే తన కుడి పక్కన ముసలవ్వ ఎవ్వల్ని కూసోనియ్యది. కోడలొచ్చినా, మనుమరాలొచ్చినా ఎడమకు జరుగుమంటది. గా జాగ ఖాళీగనే ఉంటది."

పొద్దున బస్సు ఎక్కితే సాయంత్రానికి ఆ కాలనీకి చేరతాను. దారి నక్షాలో చాలాసార్లు చూశాను. కానీ రేడియో ముందు నేను నవ్వేశాను. ఆమె ఎదుట కూర్చుని ఆ చీర మాట వింటే మళ్లీ నవ్వుతాను, ఆపుకోలేను. కథ అక్కడితో ఆగిపోతుంది. ఆ చోటు నాది, కానీ అందులో కూర్చున్నవాడు నేను కాను. వాడికి మీసాలు రావు. వాడిని ఎవరూ లేపరు. ప్రతి మధ్యాహ్నం తప్పులు దిద్దుతూ, అత్త చెయ్యి తగిలేంత దగ్గరగా, వాడు అక్కడే ఉంటాడు.

ఈ రోజుకు నాకు కుళ్లు వాడొక్కడి మీదే.